గరుకులోనే పట్టు



మా తమ్ముడు షోలాపూర్‌లో సాంచాలు నడుపుతాడు. ఆరేండ్ల కింద నాడె ఎగిరొచ్చి మూతికి తగిలి, పైవరుసలో ముందు పన్ను ఊడిపోయింది. మొన్న బిడ్డ పెండ్లి కుదరగానే చిట్టీ ఎత్తి, పండ్ల డాక్టరు దగ్గర ఇంప్లాంటు వేయించుకున్నాడు. దవడలో స్క్రూ బిగించాక డాక్టరు, "పైన పన్ను నాలుగు నెలల తర్వాతే" అన్నారు.

"పెండ్లి ఇంక నెలన్నరే ఉంది గదన్నా! మొల గట్టిగనే ఉన్నది, పన్ను ఎక్కిస్తే ఏమైతది? నువ్వన్న జర చెప్పు" అని తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. నేనూ వెంట పోయి అడిగాను.

డాక్టరు ఒక కొత్త స్క్రూ చూపించారు. టైటానియం అట. స్టీలు గిన్నెలా మెరుస్తుందనుకున్నాను. మసక మసకగా ఉంది. గట్టి రేణువులతో కొట్టి, తర్వాత యాసిడ్‌లో ముంచి, కావాలనే గరుకు చేస్తారట. ఆ గుంటల్లో చిన్నవి రెండు మూడు మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి ఆనదు.

పాత గోడకు సిమెంటు పట్టాలంటే మేస్త్రీ ముందు గంట్లు పెడతాడు గదా, ఇదీ అంతే. స్క్రూ చుట్టూ చేరిన నెత్తురు గడ్డకట్టి, దాని పోగులు ఆ గుంటల్లో చిక్కుకుంటాయి. ఎముకను కట్టే కణాలు ఆ పోగుల మీదుగా పాకి వస్తాయి. ప్రయోగశాలల్లో చూస్తే, నున్నటి టైటానియం మీద ఈ కణాలు పలచగా పరుచుకొని సంఖ్యలో పెరుగుతాయి. గరుకు దాని మీద అంతగా పెరగవు గానీ, తొందరగా ముదిరి ఎముక కట్టే పనిలో పడతాయి. కార్ఖానాలో మంది ఎక్కువుంటే చాలదు, బట్ట దిగాలి గదా!

టైటానియం ఎముకతో అతుక్కుంటుందని 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కుందేళ్ళలో గమనించారు. 1965లో మొదటిసారి మనిషి దవడలో స్క్రూలు వేశారు. ఆ పాత నున్నటి స్క్రూలకు కింది దవడలో 3 నెలలు, పైదవడలో 6 నెలలు ఆగేవారు. గరుకువి వచ్చాక ఆ గడువు చాలామందికి తగ్గింది. అయితే మరీ గరుకైనా కష్టమే, చిగురు దాటి బయటపడితే క్రిములు చేరతాయి.

"మరి నాకెందుకు నాలుగు నెలలు?" అన్నాడు తమ్ముడు.

పన్ను పోయి ఆరేండ్లు కావడంతో అక్కడి ఎముక అరిగి పలచబడిందట. ఎముక పట్టకముందే బరువు పడి స్క్రూ కదులుతుంటే, ఎముకకు బదులు మెత్తటి నారపొర కడుతుంది. అప్పుడు చిట్టీ పైసలు నీళ్ళపాలే. ఇంకో మాట కూడా చెప్పారు: "బీడీ మానాలె." పొగ చిగురుకు నెత్తురు అందనియ్యదు, బీడీ తాగేవాళ్ళ స్క్రూలు ఎక్కువగా ఊడతాయి.

తమ్ముడు తల దించుకున్నాడు. మా మరదలు బీడీలు చుడితేనే వాళ్ళ ఇల్లు గడిచింది. ఆ ఇంట్లో ఉండి బీడీ ముట్టకపోవడం ఎంత కష్టమో మన వాడల వాళ్ళకు వేరే చెప్పాలా?

పెండ్లి ఫొటోలన్నిట్లో తమ్ముడు మూతి బిగించుకొనే ఉన్నాడు. మొన్న నాలుగు నెలలు నిండాయి. డాక్టరు పరీక్ష చేసి, పట్టింది అన్నారు. వచ్చే వారం పన్ను.

మీలో ఎవరైనా ఇంప్లాంటు వేయించుకునేటట్టుంటే, ధర ఒక్కటే అడగకండి. ఎన్నాళ్ళు ఆగాలో అడగండి. షుగరు, బీడీ సంగతి దాచకండి. గరుకు చేసి ఇచ్చేది కంపెనీ, ఓపిక పట్టాల్సింది మనమే.