అగ్గి తెగులు శిలీంధ్రాన్ని ఏ పేరుతో పిలవాలి?

పోచారం జలాశయం కింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలలోను, కామారెడ్డి పరిసరాలలోని బోరుబావుల కింది మడులలోను అగ్గి తెగులు రైతులకు కొత్తది కాదు. యాసంగిలో రాత్రులు చల్లబడి, ఆకులపై మంచు నిలిచే రోజులలో నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించగానే రైతు దానిని గుర్తిస్తాడు. అది వెన్ను మెడకు పాకితే మెడవిరుపు అంటాడు. అతని మాటలో సందిగ్ధత లేదు. సందిగ్ధత ఉన్నదల్లా మన శాస్త్రీయ రచనలలోనే.

ఈ తెగులును కలిగించే శిలీంధ్రానికి మన సిద్ధాంత గ్రంథాలు, కరదీపికలు, పరిశోధన వ్యాసాలలో నాలుగు పేర్లు కనిపిస్తాయి: పైరిక్యులేరియా గ్రీసియా, పైరిక్యులేరియా ఒరైజే, మాగ్నాపోర్తే గ్రీసియా, మాగ్నాపోర్తే ఒరైజే. వీటిలో ఒకదానిని స్థిరపరచుకోవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ఈ చిక్కుకు మూలం పాత నామకరణ నియమంలో ఉన్నది. శిలీంధ్రం యొక్క అలైంగిక దశకు ఒక పేరు, లైంగిక దశకు మరొక పేరు పెట్టడానికి ఆ నియమం అనుమతించింది. పైరిక్యులేరియా ప్రజాతిని సక్కార్డో 1880లో స్థాపించాడు. మాగ్నాపోర్తే ప్రజాతిని క్రాస్, వెబ్‌స్టర్ 1972లో ఏర్పరచగా, అగ్గి తెగులు శిలీంధ్రం తరువాత అందులో చేర్చబడింది. 2002లో కౌచ్, కోన్ వరిపై ఉండే శిలీంధ్రాన్ని గ్రీసియా నుండి వేరుచేసి ఒరైజే జాతిగా గుర్తించారు. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ రెండు పేర్ల పద్ధతిని రద్దుచేసి, ఒక శిలీంధ్రానికి ఒకే పేరన్న సూత్రాన్ని అంగీకరించింది. దానిని అనుసరించి 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి పైరిక్యులేరియా పేరును సిఫారసు చేసింది.

ఈ సిఫారసు సమంజసమైనది. మొదటిది, పైరిక్యులేరియా పేరుకు ప్రాచీనత ఉన్నది. రెండవది, ఎల్లారెడ్డి పొలం నుండి తెచ్చిన ఆకుమచ్చను సూక్ష్మదర్శినిలో పరీక్షించే విద్యార్థికి కనిపించేది బేరిపండు ఆకారపు అలైంగిక సిద్ధబీజమే. ఆ ఆకారమే ఈ పేరుకు ఆధారం. లైంగిక దశ మన పొలాలలో సాధారణంగా కనబడదు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మాగ్నాపోర్తే ప్రజాతికి ప్రామాణిక జాతి వరిలో కాండం కుళ్ళును కలిగించే శిలీంధ్రం. దానిని నేడు నకాటేయా ఒరైజే అంటున్నాము. అగ్గి తెగులు శిలీంధ్రానికి దానితో దగ్గరి బంధుత్వం లేదని జన్యు పరిశీలనలు తేల్చాయి. ఒకే మడిలో రాగల రెండు వేర్వేరు తెగుళ్ళను ఒకే ఇంటిపేరుతో పిలవడం ఎంతవరకు సబబు? కాండం కుళ్ళు మోళ్ళలోను, నేలలోను నిలిచే శిలీంధ్ర గుళికల ద్వారా కొనసాగుతుంది. అగ్గి తెగులు గాలిలో తేలివచ్చే సిద్ధబీజాలతో వ్యాపిస్తుంది. ఒకదానికి మోళ్ళ తొలగింపు, నీటి యాజమాన్యం ప్రధానమైతే, మరొకదానికి తట్టుకునే రకం, మితమైన నత్రజని, సకాలంలో ట్రైసైక్లజోల్ పిచికారి ప్రధానం.

గ్రీసియా అనే జాతి పేరు కూడా నిరపాయకరం కాదు. నేటి అర్థంలో అది డిజిటేరియా గడ్డిపై ఉండే శిలీంధ్రం. పాత కరదీపికలో వరికి ఆ పేరు చూసిన విస్తరణాధికారి, గట్టుమీది ఆ గడ్డి మచ్చలే వరి తెగులుకు మూలమని పొరబడవచ్చును.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. 2005లో ప్రచురితమైన ఈ శిలీంధ్ర జన్యుపటం మాగ్నాపోర్తే పేరుతోనే వెలువడింది. అణుజీవశాస్త్ర సాహిత్యంలో అధికభాగం ఆ పేరుతోనే ఉన్నది. పేరు మార్చితే ఆ జ్ఞానం చేజారుతుందన్న భయం నిరాధారమైనది కాదు. కాని మాగ్నాపోర్తే ఒక్కదానినే నిలుపుకొంటే అంతకుముందు దశాబ్దాలపాటు పైరిక్యులేరియా పేరుతో నమోదైన వరి రకాల నిరోధకశక్తి పరీక్షల ఫలితాలు విద్యార్థి దృష్టికి రావు. సాంబ మసూరి ఈ తెగులుకు లొంగుతుందని, తెలంగాణ సోన తట్టుకుంటుందని నేడు చెప్పగలుగుతున్నామంటే అట్టి పరీక్షల పరంపరే కారణం. నష్టం రెండువైపులా ఉన్నప్పుడు, సరైన పేరును స్వీకరించి రెండవదానిని వెతుకుటకు తోడుగా ఉంచుకోవడమే వివేకం.

కావున నా ప్రతిపాదన ఇది. మన వ్యాసాలలో మొదట అగ్గి తెగులు అని, తరువాత పైరిక్యులేరియా ఒరైజే అని వ్రాయాలి. మాగ్నాపోర్తే ఒరైజే అన్న పేరును తొలి ప్రస్తావనలో ఒక్కసారి, ముఖ్యపదాలలో మరొకసారి చూపితే చాలు. పాత ఫలితాలను ఉదహరించేటప్పుడు నాటి రచయిత వాడిన పేరును మార్చక, నేటి పేరును ప్రక్కన సూచించాలి. కాండం కుళ్ళుకు నకాటేయా ఒరైజే అన్న పేరునే వాడాలి. రైతుల కరపత్రంలో శాస్త్రీయనామం అవసరమే లేదు.

రేపు మరింత లోతైన పరిశీలన వల్ల ఈ పేర్లు తిరిగి మారవచ్చును. శాస్త్రానికి అది లోపం కాదు. అందుకే ప్రతి రచనలోను మారని గుర్తుగా రైతు పెట్టిన పేరు ముందుండాలి. కామారెడ్డి రైతు అగ్గి తెగులు అన్నప్పుడు అతడు ఏ తెగులును గురించి చెబుతున్నాడో మనకు తెలుస్తున్నది. మనం వ్రాసినప్పుడు కూడా చదువరికి అంత స్పష్టంగా తెలియాలి.