చెవిలోని సుత్తెకు సుత్తె యన్న పేరు చాలదా?

కామాఠీపుర యనగానే లోకమునకు మరియొక వాడ స్ఫురించును. ఆ పేరు అసలు తెలుగునాట నుండి వలసవచ్చి, బొంబాయి మేడలకు రాళ్లెత్తిన కామాఠీలది. సుత్తె పట్టని దినము వారికి లేదు. ఆ సుత్తెయే చెవిలోను ఉన్నదని వారి పిల్లలకు చెప్పుటకు మన శాస్త్రపాఠ్యపుస్తకములకు నోరు రాలేదు.

కర్ణభేరికిని లోపలి చెవికిని నడుమ మూడు చిట్టి ఎముకలున్నవి. 1543లో వెసేలియస్ మొదటి రెంటిని సుత్తెతోను, దాగలితోను పోల్చెను. 1546లో నేపుల్సులో ఇంగ్రాసియా గుర్తించిన మూడవది గుఱ్ఱపు జీనున వ్రేలాడు అంకవన్నె వలె నుండెను. లాటిను పండితులంతటివారే కొలిమికిని గుఱ్ఱపుశాలకును పోయి పేర్లు తెచ్చుకొనిరి! మనవారో, దాగలి, అంకవన్నెల సరసను సంస్కృతపు కూటకమును కూర్చుండబెట్టిరి. మూడింటిలో పసివాడు నిత్యము చూచునది సుత్తె యొక్కటే, దానినే వెడలగొట్టిరి. ఇక అంకవన్నె యన్నచో నేడెవరికి తెలియును? హిందీవారు రకాబ్ అని హాయిగా వ్రాసికొనుచుండగా మన రికాబునకు వచ్చిన లోపమేమి?

శాస్త్రమునకు గాంభీర్యము వలదా యందురు. గాంభీర్యము పేరులో లేదు, పనిలో ఉన్నది. కర్ణభేరి వైశాల్యము రికాబు పాదము కంటె దాదాపు 17 రెట్లు. వెడల్పున పడిన దెబ్బ ఉలిమొనకు చేరినట్లు, గాలిలోని శబ్దబలమంతయు ఆ చిన్న పాదమునకు చేరి లోపలి ద్రవమును కదలించును. ఈ సంగతి తాపీపనివానికి వేరుగ బోధింపవలెనా?

అంతయు ఇంగ్లీషులోనే చాలునను వారు మరియొక తెగ. వారొకమారు ఆసుపత్రి వరుసలో నిలిచి చూతురుగాక. బిడ్డ చెవి ఏండ్ల తరబడి చీము కారినచో ఈ ఎముకలు తినివేయబడవచ్చును. వ్యాధి చెవి వెనుకనున్న ఎముకకును, అటుపై మెదడు పొరలకును ప్రాకవచ్చును. 'ఇంకస్ ఎరోజన్' అని వ్రాసిన చీటీ చాల్‌లోని తల్లికి ఏమి చెప్పును? 'దాగలి అరిగినది, సుత్తె దెబ్బ లోపలికి పోవుట లేదు' అన్నచో శస్త్రచికిత్స యెందుకో ఆమెకు బోధపడును. చీము ఆరినదని మందు మధ్యలో మానరాదనియు చెప్పవచ్చును.

పాఠ్యపుస్తకములు సుత్తె, దాగలి, రికాబు అని అచ్చువేసి, పరీక్షల కొరకు లాటిను పేర్లను ప్రక్కన చేర్చవలెను. అంతవరకు వేచియుండ నక్కరలేదు. చెవి బొమ్మ గీయించి, ఈ మూడు మాటలు వ్రాయించి, చాల్ గుమ్మముల యొద్ద తగిలించుటకు మన సంఘములకు ఎవరి అనుమతియు అవసరము లేదు.