రాత్రి ఆకలి మీద జోకులు ఆపుదాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కర్నూలు, కడప వైపు హాస్టళ్లలో ఉండే మనలో చానామందికి ఉండి, ఎవరూ నోరు విప్పని సంగతి ఇది.

రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర రాదు. బొరుగులో, మిక్చరో, కెటిల్‌లో చేసుకున్న మ్యాగీనో కడుపులో పడితే తప్ప కన్ను మూతపడదు. పొద్దున టిఫిన్ చూస్తే వికారం. మధ్యాహ్నం క్లాసులో తూగు. రాత్రికి మళ్లీ అదే కథ. ఇట్లాంటోళ్లకు మనమే పేర్లు పెడతాం: తిండిపోతు, గుడ్లగూబ, దయ్యం. పెద్దోళ్ల దాకా పోతే సోమరితనం అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మేము చెప్పేది ఒక్కటే. నిద్ర చెడితే ఆకలి చెడుతుంది, ఆకలి చెడితే నిద్ర చెడుతుంది. దీన్ని ఆరోగ్య సమస్యగా చూడాలి.

ముందు రెండు విషయాలు విడదీసుకుందాం. మా హాస్టల్లో రాత్రి భోజనం 7 గంటలకు, మళ్లీ టిఫిన్ పొద్దున 8కి. మధ్యలో 13 గంటలు. ఒంటిగంట దాకా చదివేవాళ్లకు 11కే కడుపు కాలడం జబ్బు కాదు, మామూలు ఆకలి. దానికి మందు తిండే. కానీ కడుపు నిండా తిన్నాక కూడా వారంలో రెండు మూడు రాత్రులు లేచి తినడం, తింటేనే నిద్ర పడుతుందనిపించడం, పొద్దున అసలు ఆకలి లేకపోవడం, దాని గురించి లోలోపల కుమిలిపోవడం, ఇవి మూడు నెలలుగా నడుస్తుంటే అది వేరే విషయం. డాక్టర్లు దాన్ని నైట్ ఈటింగ్ సిండ్రోమ్ అంటారు. 1955లోనే ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా డాక్టరు దీన్ని వివరించాడు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే మానసిక వైద్యులు జబ్బులు గుర్తించడానికి వాడే పుస్తకంలో, తిండికి సంబంధించిన రుగ్మతల్లో దీని పేరు ఉంది.

నిద్రకూ ఆకలికీ సంబంధం ఏంటని అడగొచ్చు. 2004లో షికాగో యూనివర్సిటీ వాళ్లు 12 మంది ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద ఒక చిన్న పరిశోధన చేశారు. రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. వాళ్లకు తీపి, ఉప్పు తిండి మీద కోరిక కూడా పెరిగింది. రెండు రాత్రులకే అట్లయితే, పరీక్షల ముందు నెలంతా మేలుకునే మన సంగతి ఏంది? దానికి తోడు మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో 40 డిగ్రీలు దాటుతుంది. మిద్దె గది అర్ధరాత్రి దాకా చల్లబడదు. ఒళ్లు చల్లబడితే కదా నిద్ర పట్టేది!

ఇంకొకటి, రక్తం తక్కువ ఉండటం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో ఐరన్ తగ్గితే కొందరికి పడుకోగానే కాళ్లు లాగుతాయి, చీమలు పాకినట్టు ఉంటుంది, కదపకుండా ఉండలేరు. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. ఇది ఉన్నవాళ్లలో రాత్రి లేచి తినడం ఎక్కువని నిద్ర వైద్యులు గమనించారు. పగలు నడిచినందుకు కాళ్లు పీకుతున్నాయని మనం వదిలేస్తాం. సన్నబడాలని టిఫిన్ మానేసి టీతో సరిపెట్టుకునే చెల్లెళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

నిద్ర రాలేదని మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవద్దు. జోల్పిడెం లాంటి నిద్రమాత్రలు వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి, తెలియకుండా వండుకుని తిన్న సందర్భాలు ఉన్నాయి. అట్లాంటి ప్రమాదాల వల్లే 2019లో అమెరికాలో ఆ మందుల మీద గట్టి హెచ్చరిక తప్పనిసరి చేశారు.

"మేము పస్తులుండి చదివిస్తే, మీకు తిండి ఎక్కువై నిద్ర పట్టట్లేదా?" అని ఇంట్లో అంటారని మన భయం. వాళ్ల బాధ నిజం. ఆదోని, కోసిగి వైపు నుంచి ఇప్పటికీ గుంటూరు మిరపకాయల కోతకు కుటుంబాలు కదిలి పోతాండాయి. అక్కడి నుంచి ఫోన్ చేసి యాడి మొదట అడిగేది "తిన్నావా?" అని. తినకపోయినా తిన్నాననే అంటాం. ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కినోళ్లం, మనం చెడితే ఇల్లంతా చెడుతుందన్న భారం నెత్తిన పెట్టుకుని పడుకుంటే నిద్ర యాడ నుంచి వస్తుంది? ఇది డబ్బున్నోళ్ల జబ్బు అనుకోవడం వల్లే మన పిల్లలు చెప్పుకోలేక, అటెండెన్స్ పోయి, చివరికి పెట్టె సర్దుకుని తండాకో, గూడేనికో వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్లు చదువు అబ్బలేదనుకుంటారు.

కాబట్టి హాస్టళ్లలో మనం కలిసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రి 10 గంటలకు గుప్పెడు వేరుశనగలు, బొరుగులు, ఒక అరటిపండు. దీనికి కోట్లు అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు అబ్బాయిలకూ అమ్మాయిలకూ హిమోగ్లోబిన్ పరీక్ష. ఎండాకాలం తిరిగే ఫ్యాన్లు, లేదంటే అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా భద్రంగా మిద్దె మీద పడుకునే వీలు. మన వంతుగా ఆ పేర్లు పెట్టి పిలవడం మానేద్దాం. గదిలో ఎవరైనా రోజూ రాత్రి తింటాంటే నవ్వకుండా, "ఎన్ని రోజుల నుంచి రా ఇట్లా?" అని పక్కన కూర్చుని అడుగుదాం.

మూడు నెలలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఒంటరిగా పోవడానికి భయమైతే ఇద్దరు కలిసి పోండి. పోలేకపోతే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ హాస్టల్లో రాత్రి భోజనం ఎన్నింటికో, టిఫిన్ ఎన్నింటికో కింద రాయండి. అన్ని హాస్టళ్ల లెక్క ఒకచోటికి వస్తే, అర్జీ మనమే రాసి అధికారులకు ఇద్దాం.