ఛాయాచిత్రములకు రెండవ చోటు

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ చిన్న గ్రామమే అయినను, 2016లో పెద్దనోట్ల రద్దు వెనువెంటనే నగదు రహిత లావాదేవీలకు పూనుకొని పత్రికల కెక్కినది. ఆనాటి పాఠములో ఒక సూక్ష్మము కలదు. చేతిలోని కార్డు పోయినంత మాత్రమున సొమ్ము పోదు. ఏలయన దాని లెక్క బ్యాంకులో వేరుగా నున్నది. సొమ్ము విషయమున మనము గ్రహించిన ఈ వివేకమును, సొమ్ముతో కొనరాని ఛాయాచిత్రముల విషయమున ఇంకను గ్రహింపలేదు.

తెలంగాణ పల్లెలనుండి గల్ఫ్ దేశములకు కూలికై పోవువారు అనేకులు. చదువులకై అమెరికాకు పోవువారును తక్కువ కారు. శంషాబాదులో విమానమెక్కువాని ఫోనులో తల్లి ముఖము, బిడ్డ తొలి అడుగులు, ఇంటి పెండ్లి సమస్తమును ఇమిడియుండును. ఫోను పోయినచో మరియొకటి కొనవచ్చును. ఆ చిత్రములు వేరొకచోట లేకున్నచో ఎవరు తెచ్చి యియ్యగలరు? అంతర్జాతీయ ప్రయాణమున పెట్టె పోయినచో, 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి ఒక పరిమితికి లోబడి పరిహారము లభించును. అది వస్తువునకు వెలయే గాని జ్ఞాపకమునకు కాదు.

విమానాశ్రయమున ఎక్స్‌రే తనిఖీకి జడియువారు కలరు. పూర్వపు ఫిల్ము చుట్టలకు ఆ భయము తగినదే. మెమరీ కార్డులకు ఆ తనిఖీ వలన హాని లేదు. అసలు ముప్పు మన అజాగ్రత్తయందున్నది. కార్డు వ్రేలి గోరంత. జారిపడినచో కంటికి కానరాదు. కెమెరాను, కార్డులను, డిస్కును సామానుపెట్టెలో పంపక చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను సామానుపెట్టెలో పెట్టుట నిషిద్ధము కూడ. బయలుదేరుటకు ముందే చిత్రములకు మరియొక ప్రతి తీసి, దానిని ఇంటియందో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉంచవలెను. రెండు ప్రతులును ఒకే సంచిలో పయనించినచో అవి రెండు కావు, ఒక్కటియే. ఫోనునకు తాళసంకేతము తప్పక ఉండవలెను. లేకున్న మన యింటి ముఖములు పరుల చేతబడును.

ఫోనే అంతయు దాచుకొనును గదా యని కొందరందురు. ఉచితముగా నిచ్చిన చోటు నిండినచో దాచుట ఆగిపోవును. పెక్కు ఏర్పాటులలో ఫోనున చెరపినది అచ్చటను చెరగిపోవును. కావున అప్పుడప్పుడు తెరచి చూచుకొనక తప్పదు.

హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజు పలకల నెగెటివులు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. పగులు స్వభావము గల గాజు నూరేండ్లు దాటి నిలిచినది. క్షణములో ప్రతి తీయదగిన మన చిత్రములు ఏడాది తిరుగక మునుపే మాయమగుచున్నవి. నిలుపునది వస్తువు కాదు, మనుష్యుని శ్రద్ధ.

ఈ శ్రద్ధను పాఠశాలలోనే అలవరుపవలెను. కంప్యూటరు పాఠమున ఒకనాడు విద్యార్థులచే తమ యింటి చిత్రములకు రెండవ ప్రతిని తీయింపుడు; అది సరిగా తెరచుకొనుచున్నదో లేదో వారినే పరీక్షింపనిండు. దూరదేశమునకు పోవు అన్నకో తండ్రికో ఆ పని చేసిపెట్టగల బాలుడు, ఆ యింటికి చేయు మేలు పరీక్షలోని మార్కులకు తీసిపోదు.