న్యాయపీఠము ప్రభుత్వప్రసాదమా?

అనంతపురము మండలమున మన్రో దొర పేరు నేటికిని గౌరవముతో తలంపబడుచున్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండిన ఆయన రైతు కష్టము నెరిగినవాడే. కాని శిస్తు వసూలుచేయు కలెక్టరునకే మేజిస్ట్రేటు అధికారమును కట్టబెట్టిన 1816 నాటి శాసనములకు ప్రేరకుడును ఆయనయే. ఫలితమేమి? కరవుయేట శిస్తుకొరకు కచ్చేరీ జవాను దౌర్జన్యము చేసినచో, రైతు ఆ కచ్చేరీ యజమానికడనే మొరపెట్టుకొనవలసివచ్చెను. దొర మంచివాడైనంతమాత్రమున ఏర్పాటు మంచిది కానేరదు. ఈ ముడి విప్పవలెనని కాంగ్రెసు 1886లోనే తీర్మానించెను. రాజ్యాంగము 50వ అధికరణమున ఆదేశించెను.

ముడి విడిన న్యాయస్థానమేమి చేయగలదో 1964లో మన మండలమువారే చూచిరి. నాటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు మన ఇల్లూరువారు. కర్నూలు జిల్లా బస్సుమార్గముల జాతీయకరణమున దురుద్దేశము గలదని ఆయనపై ఆరోపణ వచ్చెను. ఆయన స్వయముగా ప్రమాణపత్రము దాఖలుచేసి ఖండింపలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపి, ఆ పథకమును కొట్టివేసెను. ఆయన పదవి విడిచిరి. పాలకుల దయకై కాచుకొనియున్న న్యాయమూర్తులకు ఇంతటి తీర్పు సాధ్యమా?

కాదనుటకు 1973 సాక్ష్యము చాలును. కేశవానంద భారతి తీర్పు వెలువడిన రెండు దినములలోనే, ప్రభుత్వమునకు రుచింపని పక్షమున నిలిచిన షెలత్, హెగ్డే, గ్రోవర్ గారలను దాటి, రే గారిని ప్రధానన్యాయమూర్తిని చేసిరి. 1977లో ఖన్నాగారికిని అదియే గతి. ఎవరిని తొలగింపనక్కరలేదు, ఇట్టి సూచన చాలును, తక్కినవారు గ్రహింతురు.

1993 తీర్పు ఎంపికను న్యాయమూర్తుల కొలీజియమునకు ఒప్పగించినది. నియామకముల కమిషను చట్టమును 2015లో సుప్రీంకోర్టే కొట్టివేసినది. అయినను మూసిన తలుపులవెనుక జరుగు ఎంపికను మేము సమర్థింపజాలము. విశ్రాంతి పొందిన పిదప ప్రభుత్వోద్యోగము స్వీకరింపరాదని లా కమిషను 1958లోనే చెప్పెను. 2023 జనవరిలో సుప్రీంకోర్టునుండి విశ్రాంతి పొందిన అబ్దుల్ నజీరుగారు ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమింపబడిరి. వారి నిజాయితీని మేము శంకింపము. వ్యక్తికి ఆశ చూపగల ఏర్పాటునే నిరసించుచున్నాము.

మేము కోరునవి మూడే: కొలీజియము పంపిన పేరుపై ప్రభుత్వము గడువులోగా తేల్చవలెను, అంగీకార తిరస్కారములకు కారణములు ప్రజలకు తెలుపవలెను, విశ్రాంతికిని ప్రభుత్వపదవికిని నడుమ కొన్ని సంవత్సరముల యెడముండవలెను.

వానకై ఆకాశమువైపు చూచుట మన మండలమునకు తప్పనిది. న్యాయమునకై మంత్రిగారి ముఖము చూచు గతి మాత్రము పట్టరాదు.