మంచు దారిలో మన బిడ్డలు



గత డిసెంబరులో ఒకనాటి సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి, మా చెల్లెలు ఫోను చేతబట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పెద్ద కుమారుడు కెనడా దేశంలోని ఒంటారియోలో ఉద్యోగం చేస్తున్నాడు. "భాయీజాన్! మాట్లాడుతూ మాట్లాడుతూనే 'అమ్మీ' అని కేక వేశాడు. తర్వాత లైను తెగిపోయింది" అన్నది. 40 నిమిషాలపాటు ఆ ఇంట ఎవరూ మాట్లాడలేదు.

చివరకు అతనే ఫోన్ చేశాడు. "మామూ, నేను క్షేమమే. ఎర్ర దీపం చూసి బ్రేకు వేశాను. బండి ఆగలేదు. జారిపోయి రోడ్డు పక్క మంచుకుప్పకు తగిలింది. ఎవరికీ దెబ్బలు లేవు." అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాం. అయితే కారణం విచారించగా రెండు సంగతులు బయటపడ్డాయి. చలికాలపు టైర్లు వేయించటాన్ని 'వచ్చే జీతం' వరకు వాయిదా వేశాడు. రెండవది, ఎత్తకపోతే తల్లి కంగారు పడుతుందని నడుపుతూనే ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

నేను మంచులో బండి నడిపినవాడిని కాను. మేనల్లుడిని, అక్కడ స్థిరపడిన నా పూర్వ విద్యార్థులను అడిగి తెలుసుకున్న విషయాలనే, బిడ్డలను అటువంటి దేశాలకు పంపిన తల్లిదండ్రుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

మొట్టమొదటిది టైర్లు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకంటే తగ్గిందంటే మామూలు టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. వింటర్ టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు ఉన్న గుర్తును చూసి వాటిని కొనాలి. క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు ఇవి చట్టరీత్యా తప్పనిసరి. ఒంటారియోలో తప్పనిసరి కాకపోయినా, వాటిని అమర్చుకున్నవారికి 2016 నుంచి బీమా సంస్థలు రుసుములో తగ్గింపు ఇవ్వవలసి ఉంది. ముందుగా ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధ మనమెరిగినదే. ఆ దేశంలో టైర్లు మార్చుకోవటమే ఒంటెను కట్టటం.

రెండవది దూరం. గడ్డకట్టిన రోడ్డుపై బండి ఆగటానికి పొడి రోడ్డుపై కంటే పది రెట్ల వరకు దూరం పట్టవచ్చు. కనుక ముందున్న బండికి బహుదూరంలో, నెమ్మదిగా నడపాలి. అన్నిటికంటే ప్రమాదకరమైనది 'బ్లాక్ ఐస్'. అది రోడ్డుపై పరచుకున్న పలుచని, పారదర్శకమైన మంచుపొర. చూడటానికి తడి రోడ్డులాగే ఉంటుంది. వంతెనలకు పైనా క్రిందా చలిగాలి తగులుతుంది గనుక అవే ముందుగా గడ్డకడతాయి. బండి జారినప్పుడు భయపడి స్టీరింగును గుంజరాదు. యాక్సిలరేటర్ మీద నుంచి పాదం తీసి, వెళ్ళదలచిన దిక్కుకే చూపు నిలిపి, స్టీరింగును మెల్లగా అటు త్రిప్పాలి.

బయలుదేరే ముందు అద్దాలపైనే కాక బండి పైకప్పు మీద పేరుకున్న మంచును సైతం పూర్తిగా తొలగించాలి. లేనిచో అది గాలికి లేచి వెనుక వచ్చేవారి అద్దంపై పడుతుంది. ఇది తోటి మానవుల హక్కుకు సంబంధించిన విషయం. మంచు తీసే వాహనం నీలి దీపాలతో ముందు పోతూ ఉంటే దానిని దాటిపోయే ప్రయత్నం చేయరాదు.

బండి మంచులో చిక్కుకుంటే దానిని విడిచి నడుస్తూ పోవటం ప్రాణాంతకం కావచ్చు. అందులోనే ఉండి సహాయం కోసం ఫోన్ చేయాలి. సైలెన్సర్ గొట్టాన్ని మంచు మూసివేయకుండా చూసుకుని, గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజన్ నడిపి వెచ్చదనం పొందాలి. ఒక అద్దాన్ని కొద్దిగా దించి ఉంచాలి. గొట్టం మూసుకుపోతే రంగూ వాసనా లేని విషవాయువు లోపల చేరుతుంది. అందుకే దుప్పటి, పార, టార్చిలైటు, తాగునీరు బండిలో ఉంచుకోవాలి. ఇంధనం సగం ట్యాంకుకు తగ్గనివ్వరాదు.

ఇక మన వంతు. చలికాలంలో మన గడియారానికి టొరంటో గడియారం పదిన్నర గంటలు వెనుక. మనకు తీరిక దొరికే సాయంత్రం ఆరు గంటలంటే అక్కడ ఉదయం ఏడున్నర. డిసెంబరులో అప్పటికి సూర్యుడు కూడా ఉదయించడు. ఆ చీకటిలో, ఆ జారుడు దారిలో బిడ్డ పనికి పోయే వేళ అది. నడుపుతూ ఫోను చేత పట్టటం అక్కడ నేరం. కొత్తగా లైసెన్సు పొందినవారైతే మొదటిసారికే 30 రోజులు లైసెన్సు రద్దవుతుంది. మా చెల్లెలు చేసినది ప్రేమతోనే. కాని ప్రేమకు సైతం వేళ తెలియాలి.

టైర్లకు డబ్బు చాలక వాయిదా వేస్తున్నాడేమో అడగండి. ఈ నెల ఇంటికి పంపే సొమ్ములో తగ్గించి వాటిని కొనుక్కోమని మీరే చెప్పండి. ఆ మాట వాడంతట వాడు మనతో అనలేడు.

ఇప్పుడు మా చెల్లెలు ఇషా అయ్యేవరకు ఫోన్ చేయదు. 'చేరాను అమ్మీ' అన్న సందేశం వచ్చిన తర్వాతే మాట్లాడుతుంది. అంతవరకు తస్బీహ్ పూసలు త్రిప్పుతూ కూర్చుంటుంది. పరదేశపు దారులలో ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా గమ్యం చేర్చుగాక! ఆమీన్.