పైడికంటికి లైటు కొట్టొద్దు



పోయిన ఆదివారం అమ్మానాన్నలు వచ్చిన రోజు మెస్ వెనక చింతచెట్టు దగ్గర ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. ఎవరి అన్ననో ఫోను పట్టుకొని చెట్టెక్కిండు. తొర్రలోకి లైటు కొట్టి పైడికంటి ఫోటో తీసిండు. తొర్ర చూపించింది మనమే. కింద నిలబడి ఈలలు వేసింది కూడా మనమే. అందులో నేనూ ఉన్న, దాచను. ఫోటోలో ఏం వచ్చింది? రెండు తెల్లటి చుక్కలు. ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు దాని అరుపు వినబడలేదు. అందుకే ఇది రాస్తున్న.

ఫోటోలే తీయొద్దని నా అభిప్రాయం కాదు. ఎట్లా తీయాలో ఒకసారి చూసి వచ్చినం గదా, అది మర్చిపోయినం.

హైదరాబాద్ టూరులో జూబ్లీహిల్స్ పోయినప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఫిల్మ్ నగర్ రాగానే హీరోలు కనబడతారని అందరం కిటికీలకు అతుక్కున్నం. పెద్ద పెద్ద గేట్లు, వాచ్‌మెన్లు తప్ప ఎవరూ కనబడలేదు. తర్వాత కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు తీసుకుపోయిండ్రు. సిటీ నడుమ 350 ఎకరాలకు పైగా అడవి అది, 1998లో జాతీయ పార్కు చేశారు. అక్కడ ఒక అక్క పొడుగు కెమెరా పెట్టుకొని దారి పక్కన కూర్చుంది. చెట్టుకీ ఆమెకీ ముప్పై అడుగులుంటది. లైటు వేయలేదు, కొమ్మ కదపలేదు, ఊరికే కూర్చుంది. పిట్ట దానంతటదే తొర్ర బయటికి తల పెట్టింది. కెమెరాలో మాకు చూపించింది కూడా. బూడిద రంగు ఒళ్లు మీద తెల్లటి చుక్కలు, తెల్లటి కనుబొమ్మలు, పసుపు కళ్లు. పైడి అంటే బంగారమని అప్పుడు అర్థమైంది నాకు. మా ఇంట్లో కోయ మాట్లాడతాం, తెలుగు మాటలు నాకు ఇట్లా ఒక్కొక్కటే తెలుస్తాయి.

అది తల పైకీ కిందికీ ఊపితే మనల్ని చూసి బెదిరినట్టు, అప్పుడు మనం వెనక్కి జరగాలి అని ఆ అక్క చెప్పింది. చెప్తుండగానే మన వాళ్లు చప్పట్లు కొట్టారు. పిట్ట లోపలికి పోయింది. అక్క ఏమీ అనలేదు, కెమెరా సంచిలో పెట్టుకుంది. తిడితే బాగుండు అనిపించింది.

కొందరంటారు, అది చావు పిట్ట, పోతే పోనీ అని. ఈ భయం సగం ఊరి నుంచి, సగం సినిమా నుంచి వచ్చింది. దయ్యం సీను రావాలంటే ముందు గుడ్లగూబ అరవాలి. ఫిల్మ్ నగర్ పక్కనే పార్కులో అది పురుగులు, ఎలుకలు తిని బతుకుతుంటే, సినిమాలో మాత్రం మనుషుల్ని చంపిస్తది! మన స్కేలు 30 సెంటీమీటర్లు. ఈ పిట్ట పొడుగు 21. దీనికి భయపడాలా? మెస్‌లో బియ్యం బస్తాలు కొరికే ఎలుకలకు భయపడాలి గాని.

ఫోటో వల్ల మంచి కూడా జరుగుతది. అడవి పైడికంటి అని దీని చుట్టం ఒకటి ఉంది. 1884 తర్వాత దాని ఆచూకీ లేదు. 1914లో పట్టానని ఒక ఆఫీసరు చూపించిన పిట్ట, దొంగిలించి లేబులు మార్చిందని తేలింది. 113 ఏళ్లకు, 1997 నవంబరులో పమేలా రాస్ముసెన్, ఇంకో ఇద్దరు కలిసి మహారాష్ట్ర అడవిలో దాన్ని చూసి ఫోటోలు, వీడియో తీసుకొచ్చారు. అప్పుడు లోకం నమ్మింది. అక్కడి అడవి వాళ్లకు అది ముందే తెలిసి ఉంటదని నాకనిపిస్తది. వాళ్లను ఎవరన్నా అడిగారో లేదో!

మేడమ్ గారికి ఒక మనవి. చింతచెట్టు ఎండుకొమ్మ కొట్టిస్తారని విన్నం. తొర్ర ఆ కొమ్మలోనే ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. కొమ్మ పిల్లల మీద పడుతుందని మీ భయం నిజమే, మేం కాదనం. అందుకే తొర్ర అవతల ఉన్న కొసను మాత్రం కొట్టించండి. మిగతాది వేసవి సెలవులు ఇచ్చేదాకా ఉంచండి. అప్పటిదాకా ఆ చెట్టు కింద కంచాలు కడగం, తాడు కట్టుకొని దూరంగా ఉంటాం. సైన్స్ సార్ దగ్గర కెమెరా ఉంది గదా, మెస్ మెట్ల మీద నుంచి సాయంత్రం వెలుగు ఉన్నప్పుడే తీద్దాం. తొర్ర ఏ కొమ్మలో ఉందో బయటి వాళ్లకు మాత్రం చెప్పొద్దు. గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. 1972 చట్టం ప్రకారం అది నేరం, అయినా ఉన్నారు.

నిన్న స్టడీ అవర్ బెల్లు కొట్టకముందు చెట్టు మీద నుంచి ఒక్కసారి కిచకిచమని అరుపు వినబడింది. పదో తరగతి అక్కలు కూడా విన్నరు. ఒకటే అరిచింది. రెండోది ఇంకా రాలేదు.

— 9వ తరగతి విద్యార్థిని